కెర్నెల్ మీద మచ్చ, పక్కన ఖాళీ గడి

కంప్యూటర్ పనిలో కొత్తగా చేరిన ముగ్గురు పిల్లలు మొన్న పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. "ఆంటీ, మీ ఆఫీసులో రోజంతా ఏం చేసేవారు?" అని అడిగారు. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగాన్ని ఒక కప్పు టీలో చెప్పమంటే నాకు ఒళ్లు మండుతుంది. "ఒక ఫైలు తెరిచి అందులో సున్నా ఉందో లేదో చూసేవాళ్లం" అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఆంటీకి వయసు మీద పడిందనుకుని ఉంటారు.

కానీ నేను చెప్పింది నిజం. దాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల మీద సంతకాలు మీకు అక్కర్లేదు, నాకూ గుర్తులేవు. ఈ పనిలో నేను మనసారా మెచ్చుకున్నవి రెండే: ఒక మచ్చ, ఒక మనిషి. నేను చేసిన తప్పు కూడా ఇందులోనే ఉంది.

పని ఇదీ

మా ఆఫీసు పేరు ఎందుకులెండి. పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రం కనిపించేంత దూరంలో చిన్న బిల్డింగు. వేర్వేరు దీవుల జెట్టీల దగ్గర నీటి మట్టం కొలిచే సెన్సర్లు ఉంటాయి. అవి పంపే అంకెలను మా దగ్గరి ఒక మెషీన్ అందుకుని మళ్లీ జెట్టీలకు చూపిస్తుంది. నీరు ఎంత ఉందో చూసుకుని బోటు లోపలికి రావాలా, ఆగాలా అని నడిపేవాళ్లు నిర్ణయించుకుంటారు. మా అంకె తప్పితే బోటు అడుగు రాయికి తగులుతుంది.

అసలు శత్రువు మాత్రం ఉప్పుగాలి. కీబోర్డు మీద కంటే బ్రష్షుతో సర్క్యూట్ బోర్డుల మీది పచ్చ చిలుము గోకడంలోనే నా చేతులు ఎక్కువ అరిగాయి. ఒక భాగం పాడైతే కొత్తది ఓడ మీద రావాలి. వాతావరణం బాగాలేకపోతే ఓడ రాదు. వచ్చినా మన పెట్టె అందులో ఉండదు. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు తెలివి కొంచెం తక్కువైనా ఫర్వాలేదు, ఓపిక మాత్రం ఉండాలి. నాకు తెలివి ఉండేది, ఓపిక తక్కువ.

దీదీ మొదటి ప్రశ్న

నాకు పని నేర్పింది మా ఇన్‌ఛార్జి అమృతా దీదీ. ఇక్కడే పుట్టి పెరిగిన బెంగాలీ కుటుంబం వాళ్లది. చిన్న మనిషి, పెద్ద గొంతు. పొద్దున్నే తలుపు తోసుకుని రాగానే గొడుగు మూలన పెట్టేలోపే సున్నా ఉందా అని అడిగేది, "జీరో హై?"

ఆపరేటర్ "జీరో హై దీదీ" అంటేనే ఆవిడకు టీ దిగేది.

కెర్నెల్ అంటే కొత్తవాళ్లకు ఒక మాట. మెషీన్‌కూ, దాని మీద నడిచే ప్రోగ్రాములకూ మధ్య ఉండి అన్నిటినీ అదుపులో పెట్టే పొర అది. దానిలోకి చిన్న చిన్న ముక్కలు ఎక్కించవచ్చు. వాటిని మాడ్యూల్స్ అంటాం. వాటిలో కొన్ని పరీక్షల కోసమే రాసినవి. అవి కెర్నెల్ లోపలికి వెళ్లి ఉత్తుత్తి అంకెలు ఇచ్చి, కావాలని తప్పులు చేయించి, అది తట్టుకుంటుందో లేదో చూస్తాయి. అలాంటి మాడ్యూల్ ఎక్కించగానే కెర్నెల్ తన మీద తానే ఒక మచ్చ వేసుకుంటుంది. ఒక ఫైల్లో మామూలుగా సున్నా ఉంటుంది. టెస్ట్ మాడ్యూల్ ఎక్కిందంటే ఆ సున్నా పోయి 2,62,144 వస్తుంది.

ఈ మచ్చ ఎంత బాగా ఆలోచించి పెట్టారో చెప్పకుండా ఉండలేను. పరీక్ష నెగ్గినా మచ్చ పడుతుంది, ఓడినా పడుతుంది. మాడ్యూల్‌ను బయటికి తీసేసినా మచ్చ పోదు. మెషీన్ నడుస్తున్నంతసేపూ ఎంత పెద్ద అధికారి వచ్చినా దాన్ని సున్నా చేయలేడు. అలాగని పని ఆపదు, గోల చేయదు. మీరు చెడ్డపని చేశారని కూడా అనదు. నా లోపల ఒక పరీక్ష జరిగింది, ఇకమీదట నేను చెప్పేది కాస్త చూసి నమ్మండి అంటుంది, అంతే. రీస్టార్ట్ చేస్తేనే మళ్లీ సున్నా. మనుషుల్లో ఇంత మర్యాదగా నిజం చెప్పేవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. దీన్ని రాసినవాళ్లెవరో నాకు తెలియదు. ఎక్కడున్నా వాళ్లకు ఒక నమస్కారం.

వేరే కారణాలకు పడే మచ్చలు ముందునుంచీ ఉన్నాయి. వాటికోసమే దీదీ డ్యూటీ పుస్తకంలో ఒక గడి గీయించింది. రోజూ పొద్దున ఆపరేటర్ ఆ ఫైలు చూసి అంకె రాయాలి. పక్కన రిమార్కుల గడి. సున్నా అయితే "ఓకే". సున్నా కాకపోతే ఎందుకో, ఎవరివల్లో రాయాలి. మెషీన్ రీస్టార్ట్ చేసే ముందు కూడా అప్పటి అంకెను పుస్తకంలో రాసిన తర్వాతే బటన్ నొక్కాలి. టెస్టుల మచ్చ ఈమధ్య కొత్త కెర్నెల్స్‌తో వచ్చినప్పుడు దీదీ చిన్నపిల్లలా సంబరపడిపోయింది.

ఒకసారి మెయిన్‌లాండ్ నుంచి ఒక కంపెనీ ఇంజనీరు వచ్చాడు. కొత్త కార్డు బిగించి, టెస్టులు నడిపి, బ్యాగు సర్దుకుంటున్నాడు.

"జీరో హై?" అంది దీదీ.

"మేడమ్, మాడ్యూల్ నికాల్ దియా. సబ్ క్లీన్ హై."

"క్లీన్ హై తో యే నంబర్ క్యోఁ హై?"

అతను నవ్వి, మాడ్యూల్ తీసేశాక అంకె మిగిలినా అది ఉత్త గుర్తు మాత్రమేనని క్లాసు పీకాడు. దీదీ అంతా విని, అతని ముందు కుర్చీ వేసింది. రెండు జెట్టీల్లో బోట్లు కట్టేదాకా రీస్టార్ట్ కుదరదు, అప్పటిదాకా కూర్చోమంది. అతను భోజనం మానుకుని కూర్చున్నాడు. సున్నా చూపించాకే అతని కాగితం మీద సంతకం పెట్టింది. ఆవేళ నేను కూడా లోలోపల నవ్వుకున్నాను, దీదీది మరీ చాదస్తం అని.

నాన్న తువ్వాలు

నిజానికి నాకు అది చాదస్తంగా అనిపించకూడదు. మాది పోర్ట్ బ్లెయిర్‌లోనే జంగ్లీఘాట్. తాత శ్రీకాకుళం సముద్రం ఒడ్డు నుంచి వచ్చాడు. నాన్న చేపల వేటకు వెళ్లేవాడు. మా రేవులో ఒక పద్ధతి ఉండేది. పడవ ఇంజిను ఎవరు విప్పి బిగిస్తే వాళ్లు తమ భుజం మీది తువ్వాలు తీసి పడవ ముందుకొయ్యకు కట్టాలి. ఇంజిను ఎంత బాగా మోగినా సరే, తువ్వాలు ఉన్నంతవరకూ ఆ పడవలో ఐసు ఎక్కించరు, ఎవరూ వేటకు ఎక్కరు. ఒట్టి పడవను దగ్గరలోనే తిప్పుకొచ్చి, ఇసుక మీదికి లాగి, మళ్లీ నీళ్లలోకి దించాక తువ్వాలు విప్పాలి. కట్టినవాడే విప్పాలి, ఇంకొకరు ముట్టుకోరు.

ఒకసారి నాన్న తువ్వాలు కట్టడం మర్చిపోయి ఇంటికొచ్చేశాడు. అన్నం ముందు కూర్చుని గుర్తొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే రేవుకు పరుగెత్తాడు. అమ్మ వెనకాల నుంచి తిడుతూనే ఉంది. అది చూసి పెరిగినదాన్ని నేను.

సింహాచలం

ఇతని గురించి చెప్పాలి. మా ఆఫీసులో కాంట్రాక్టు ఆపరేటర్. నలభై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల నాన్న మా నాన్న పడవలో పనిచేసినవాడు. సింహాచలం పెద్దగా చదువుకోలేదు కానీ దీదీ చెప్పిన ప్రతి మాటా బుర్రలో పెట్టుకునేవాడు. ఆ అంకె ఏమిటో, ఎప్పుడు పడుతుందో దీదీ అతనికి కూర్చోబెట్టి నేర్పింది. నాకంటే ముందు నేర్పింది. పని విషయంలో దీదీకి ఇంజనీరు, ఆపరేటర్ అనే తేడా ఉండేది కాదు. ఆవిడలో నాకు నచ్చిన గుణాల్లో ఇది మొదటిది.

దీదీ రిటైరై మిన్నీ బేలో ఉన్న కూతురి ఇంటికి వెళ్లిపోయింది. కుర్చీ నాకు వచ్చింది. ఆవిడ పుస్తకాన్ని రోజూ చూసేది. నేను శనివారం శనివారం చూసి వారానికి ఒకేసారి సంతకం పెట్టడం మొదలుపెట్టాను. నా తప్పు అక్కడే మొదలైంది. మిగతాది దాని వెనకాలే వచ్చింది.

నేను చేసింది

సెన్సర్లను మెషీన్‌తో కలిపే కార్డుకు కొత్త డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాము, వచ్చింది. దాన్ని ముందు విడి మెషీన్ మీద పరీక్షించాలి. మా విడి మెషీన్ ఉప్పుగాలికి చచ్చిపోయి రెండు నెలలైంది. కొత్తది ఓడ మీద ఉందన్నారు. ఓడ గాలివానకు ఆగిపోయింది.

సోమవారం మధ్యాహ్నం నాకు ఓపిక అయిపోయింది. పది నిమిషాల పనే కదా అని, నడుస్తున్న మెషీన్‌లోనే డ్రైవర్ పెట్టి టెస్ట్ మాడ్యూల్స్ ఎక్కించాను. అన్నీ నెగ్గాయి. మాడ్యూల్స్ తీసేశాను. మచ్చ పడిందని నాకు తెలుసు. రీస్టార్ట్ చేయాలంటే జెట్టీలన్నిటికీ ఫోన్లు చేయాలి, అంకెలు కాసేపు ఆగుతాయి, ఎందుకని అడుగుతారు. టెస్టులు నెగ్గాయి కదా, శనివారం తీరిగ్గా చేద్దాంలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చేపలు కొనుక్కుని హాయిగా ఇంటికి వెళ్లాను.

బుధవారం మధ్యాహ్నం ఒక చిన్న జెట్టీ దగ్గర బోటు అడుగు రాయికి రాసుకుంది. అక్కడ నీటి మట్టం ఒకటిన్నర మీటర్లని మా తెర చూపించింది. నిజానికి నీరు చాలా తగ్గి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. పిల్లాపాపలతో ఉన్న జనం వేరే బోటు వచ్చేదాకా ఎండలో నిలబడ్డారు.

రికార్డు తీస్తే బోటు వచ్చే ముందు ఆ జెట్టీ అంకెలు వరసగా 1.50, 1.50, 1.50. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. సముద్రం అలా ఉండదు. సెన్సర్ పాడైనప్పుడు ఆపరేటర్ జెట్టీకి ఫోన్ చేసి, అక్కడి కొలత కనుక్కుని చేత్తో కొట్టే వీలు మా మెషీన్‌లో ఉంది. కాబట్టి పై అధికారులకు వెంటనే ఒక మాట తోచింది. ఆపరేటర్ ఫోన్ చేయకుండా ఏదో ఒక అంకె కొట్టుకుంటూ కూర్చున్నాడని.

సింహాచలాన్ని పిలిచి నిలదీశారు. అతను నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. 

"అక్కా, నేను సేత్తో ఏటీ కొట్నేదు. కసమ్ సే, ఒట్టు. లైను ఒకపాలి కట్ అయి మళ్లీ వచ్చినాది. బస్, అప్పట్నుంచి ఒకటే అంకె. జెట్టీకి ఫోన్ సేత్తే ఎవలూ ఎత్తనేదు. నేను మల్లా సేసేలోపే బోటు వచ్చీసినాది."

ఆ 1.50 చూసినప్పుడే నేను గుర్తుపట్టాను. అది నా అంకె. సోమవారం పరీక్షలో డ్రైవర్‌కు నేనిచ్చిన ఉత్తుత్తి మట్టం అది. పరీక్ష అయ్యాక చెరిగిపోవాల్సింది, ఒక్క లైనులో మాత్రం లోపల ఎక్కడో మిగిలిపోయింది. అసలు సెన్సర్ లైను తెగగానే డ్రైవర్ దాన్ని పట్టుకుంది. నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యాక నేను చేసిన పని, "చూద్దాంలే, రేపు ఎంక్వైరీ టీమ్ వస్తుంది కదా" అనడం. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

గురువారం

టీమ్ ఆ పొద్దున విమానంలో వస్తోంది. ఆపరేటర్ తప్పని వాళ్లు తేల్చితే సింహాచలం కాంట్రాక్టు ఆరోజుతో ముగిసిపోతుంది. ఆ మాట ముందే చెప్పేశారు.

తొమ్మిదింటికి మా పై అధికారి ఫోన్ చేశాడు. "ఏక్ బార్ రీస్టార్ట్ కర్ దీజియే మేడమ్. టీమ్ కే సామ్నే హ్యాంగ్ నహీ హోనా చాహియే." ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. టీమ్ ముందు తెర ఆగిపోతే పరువు పోతుందని ఆయన భయం. నాకు మాత్రం దేవుడే దారి చూపించినట్టు అనిపించింది. డిస్కు అరిగిపోకుండా ఆ మెషీన్ లాగులన్నీ, అంటే ఏం జరిగిందో అది రాసుకునే చిట్టాలన్నీ, మెమొరీలోనే ఉంచేవాళ్లం. ఒక్క రీస్టార్ట్‌తో మచ్చ పోతుంది, లాగులు పోతాయి, మిగిలిపోయిన 1.50 కూడా పోతుంది. పై నుంచి ఆర్డరు కూడా ఉంది. రిటైర్మెంటుకు రెండేళ్లు. అబద్ధం ఆడక్కర్లేదు, ఒక బటన్ నొక్కితే చాలు.

జెట్టీలకు ఫోన్లు చేశాను. ఏ బోటూ దగ్గర్లో లేదు. కూర్చుని కమాండ్ కొట్టాను, ఎంటర్ నొక్కలేదు. దీదీ పెట్టిన అలవాటు అడ్డం వచ్చింది. రీస్టార్ట్‌కు ముందు అంకె పుస్తకంలో రాయాలి. దొంగపని చేయబోతూ కూడా చెయ్యి పుస్తకం మీదికే పోయింది చూడండి.

పుస్తకం తెరిచాను. సోమవారం పొద్దున: సున్నా, ఓకే. మంగళవారం: 2,62,144. రిమార్కుల గడి ఖాళీ. బుధవారం: 2,62,144. ఖాళీ. గురువారం, అంటే అరగంట క్రితం: 2,62,144. ఖాళీ. మూడూ సింహాచలం గుండ్రటి చేతిరాతే.

నాలుగేళ్ల పుస్తకంలో అతను ఒక్క గడి కూడా ఖాళీగా వదిలినవాడు కాదు. ఆ అంకె అర్థం ఏమిటో అతనికి తెలుసు. ఆ మెషీన్ మీద టెస్టులు ఎక్కించే పాస్‌వర్డ్ ఆఫీసులో నా ఒక్కదాని దగ్గరే ఉందని తెలుసు. ఈ ఒక్క పేజీ అధికారుల ముందు పెడితే తన ఉద్యోగం నిలబడుతుందనీ తెలుసు. తెలిసి, నిన్న అన్ని తిట్లు తిని, పొద్దున మళ్లీ వచ్చి అంకె రాసి, గడి వదిలి వెళ్లాడు.

నేను చాలా నిజాయితీపరురాలినని మీరు అనుకోవద్దు. ఆ గడులు ఖాళీగా లేకపోతే నేను ఎంటర్ నొక్కేసి ఉండేదాన్ని.

కమాండ్ చెరిపేశాను. పుస్తకం చంకలో పెట్టుకుని మీటింగ్ గదిలోకి వెళ్లి టీమ్ కోసం కూర్చున్నాను. వాళ్లు ఇద్దరు. లోపలికి రాగానే, ఆపరేటర్‌ను పిలవకముందే, సోమవారం మధ్యాహ్నం నుంచి అంతా చెప్పాను. మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి ఆ ఫైలు తెరిచి చూపించాను.

ఇద్దరిలో పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "యే నంబర్ మిటా సక్తీ థీఁ ఆప్?"

"చెరపొచ్చు సర్, రీస్టార్ట్ చేస్తే పోయేది. నాకు ఆర్డరు కూడా ఉంది."

ఆయన జేబులోంచి నోట్‌బుక్ తీసి ఆ సంఖ్యను ఒక్కొక్క అంకె చూసుకుంటూ రాసుకున్నాడు. తర్వాత పుస్తకం పేజీకి ఫోటో తీయించాడు.

నాకు మెమో వచ్చింది. రావలసిందే. సర్వీసు చివరిదాకా అది నా ఫైల్లోనే ఉంది. సింహాచలానికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం మిన్నీ బేకి ఫోన్ చేసి దీదీకి అంతా చెప్పాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. అంతా విని, చివరికి, "అబ్ జీరో హై?" అంది. "హై దీదీ" అన్నాను. "తో చాయ్ పీలో" అని ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

సున్నా సంగతి అంతకుముందే అయిపోయింది. ఆ మధ్యాహ్నం టీమ్ వెళ్లాక సింహాచలమూ నేనూ కలిసి మెషీన్ రీస్టార్ట్ చేశాం. అతను ఫైలు తెరిచి, "జీరో" అన్నాడు. పుస్తకంలో సున్నా రాశాడు. తర్వాత పుస్తకాన్ని నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. మూడు ఖాళీ గడుల్లోనూ నేను చేసింది రాసి, నా పేరు రాసి, సంతకం పెట్టాను.

"నీకు మంగళవారమే తెలుసు" అన్నాను.

"తెలుసక్కా."

"మరి నిన్న వాళ్లు అంతేసి మాటలంటుంటే చెప్పలేదేం? ఉద్యోగం పోతే పిల్లల్ని ఏం చేద్దామనుకున్నావ్? భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదక్కా? రాత్రి అన్నం దిగనేదు. మా ఆడది ఒకటే ఏడుపు." అతను పెన్ను తీసుకుని మూత పెట్టాడు. "సాంజ్ తక్ సూద్దారనుకున్నాను. అప్పుడికీ మీరు సెప్పకపోతే నేనే సెప్పీద్దును."

"సాయంత్రం దాకా ఎందుకు? పొద్దున్నే చెప్పేస్తే పోయేది కదరా!"

అతను నా వైపు వింతగా చూశాడు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

"ఇంజిను ఇప్పింది మీరు కదక్కా. మీ తువ్వాలు నేనెలా కడతాను?"